పక్క మీద తక్కువసేపు ఉండమని ఎవరూ రాయడం లేదు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో నిద్ర గురించి తరచూ వ్యాసాలు వస్తుంటాయి. డాక్టరు చీటీతో పని లేకుండా, నిద్రమాత్రల జోలికి పోకుండా హాయిగా నిద్రపోయే మార్గాలు చెబుతామంటూ మొదలయ్యే ఆ వ్యాసాలను నేను వదలకుండా చదువుతాను. వాటిలో ఉండే మాటలు దాదాపు ప్రతిసారీ అవే: గది చీకటిగా ఉంచుకోండి, ఫోన్ దూరంగా పెట్టండి, సాయంత్రం కాఫీ మానండి, పెందలాడే పడుకోండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి. ‘పెందలాడే పడుకోండి’ అన్న ఒక్కటి తప్ప ఇవేవీ చెడ్డ సలహాలు కావు. కాని నెలల తరబడి కంటి మీద కునుకు లేని మనిషికి ఈ జాబితా చాలదు. దీర్ఘకాలిక నిద్రలేమికి ఇలాంటి సూత్రాలను మాత్రమే చికిత్సగా వాడవద్దని నిద్ర వైద్య నిపుణుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2021లో వెలువరించిన మార్గదర్శకాల్లో సూచించింది. గట్టి ఆధారాలున్న పద్ధతి వేరే ఉంది. అందులో మాత్రలు లేవు, కొనవలసిన వస్తువులూ లేవు. అయితే వినడానికి తలకిందులుగా ఉంటుంది గనుక కాబోలు, పత్రికల్లోకి ఎక్కడం లేదు. నిద్ర పట్టని వారు పక్క మీద గడిపే సమయాన్ని పెంచుకోకూడదు, తగ్గించుకోవాలి అన్నదే దాని సారం. ఆ లోటు కొంతయినా తీరుతుందన్న ఆశతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త నిడివి ఎక్కువైనా మన్నించి ప్రచురించగలరు.

మనిషిని నిద్రలోకి నడిపించే శక్తులు రెండని జూరిచ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ప్రతిపాదించారు. ఆ నమూనానే నేటికీ నిద్ర వైద్యానికి పునాదిగా ఉంది. మొదటిది మేలుకుని ఉన్న కొద్దీ పెరిగే నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ వస్తుంది, నిద్రలో అది తగ్గిపోతుంది. రెండవది ఒంట్లో ఉన్న గడియారం. మెదడు అడుగు భాగాన చిన్న కణాల గుంపు ఒకటి, సుమారు 24 గంటలకు ఒక చుట్టు చొప్పున, శరీరపు వేడినీ హార్మోన్లనూ మెలకువనూ నిద్రనూ నడుపుతూ ఉంటుంది. తగినంత ఒత్తిడి పేరుకున్న వేళా, గడియారం అనుకూలించిన వేళా ఒకటైతే నిద్ర దానంతట అదే వస్తుంది. ‘ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు’ అని మన పెద్దలు రెండింటినీ ఒకే సామెతలో జతపరచడం ఊరికే జరిగినట్టు నాకు తోచదు. ఆకలికీ నిద్రకూ నడక ఒకటే. భోజనానికి గంట ముందు చిరుతిండి తిన్నవాడికి విస్తరి ముందు కూర్చుంటే ఆకలి ఉండదు. సాయంత్రం ఆరింటికి కుర్చీలో కునుకు తీసినవాడికి పది గంటలకు నిద్ర రాదు. ఈ సామెతను గుర్తు పెట్టుకుంటే పరుపుల ప్రకటనలు (తరచుగా మీ నిద్ర వ్యాసం పక్కనే వేస్తుంటారు) చదివేటప్పుడు ఓ చిరునవ్వు కూడా వస్తుంది. మెడనొప్పో నడుంనొప్పో ఉన్నవారికి మంచి పరుపు వల్ల మేలు జరగవచ్చు గాని, నిద్ర ఒత్తిడి లేని మనిషికి దాన్ని తెచ్చిపెట్టే పరుపు ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు.

ఇక నిద్రలేమి ఎలా ముదురుతుందో చూద్దాం. ఆర్థర్ స్పీల్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో దీనికి మూడు అంచెలు చెప్పారు. కొందరికి పుట్టుకతోనే నిద్ర తేలికగా చెదిరే స్వభావం ఉంటుంది. ఏదో ఒక దెబ్బ, అంటే జబ్బో, ఆప్తుల మరణమో, ఉద్యోగంలో చిక్కో, పసిబిడ్డ పెంపకమో, దాన్ని బయటికి లాగుతుంది. ఈ రెండింటి మీదా మన చేతిలో ఉన్నది తక్కువే. మూడో అంచె మాత్రం పూర్తిగా మన చేతుల మీదుగా జరిగేది. పోయిన నిద్రను రాబట్టుకోవాలని మనం చేసే ప్రయత్నాలే నిద్రలేమిని నిలబెడతాయి. రాత్రి నిద్ర చాలలేదని మర్నాడు గంట ముందే పడుకుంటాం, సెలవు రోజున పొద్దెక్కేదాకా లేవం, మధ్యాహ్నం నడుం వాలుస్తాం, నీరసంగా ఉందని నడక మానేస్తాం. మొదటి దెబ్బ తాలూకు గాయం ఎప్పుడో మానిపోయినా ఈ అలవాట్లు మాత్రం మిగిలిపోయి, నిద్రలేమికి అవే కారణమవుతాయి. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలా సాగితే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు.

మా అక్క ఉదాహరణ చెబితే ఇది తేలికగా అర్థమవుతుంది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఆమె రాత్రి తొమ్మిదికి పక్క ఎక్కేది, ఉదయం ఆరింటికి దిగేది. తొమ్మిది గంటల్లో కళ్లు మూతపడ్డది ఐదున్నర గంటలకు మించదు. మిగతా మూడున్నర గంటలూ తలగడను తిప్పి చల్లగా ఉన్న వైపు తల పెట్టుకోవడం, దుప్పటి తీయడం, మళ్లీ కప్పుకోవడం, ఫోన్ వెలిగించి టైము చూడడం, ఆరింటికి ఇంకా ఎన్ని గంటలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టడం. ‘ఇప్పుడు పట్టినా మూడు గంటలే’ అని ఒకసారి, ‘ఇప్పుడు పట్టినా రెండు గంటలే’ అని ఇంకోసారి. ఈ లెక్క మొదలైన తర్వాత ఏ మనిషికీ నిద్ర రాదు. కూర్చున్న చోట టీవీ చూస్తూ తూగేది, తీరా లేచి పక్క మీదికి వెళ్లగానే కళ్లు పెద్దవయ్యేవి. నిద్రలేమి ఉన్నవారిలో చాలామంది ఈ వింతను చెబుతారు. దానికి కారణం ఉంది: నెలల తరబడి అక్కడ ఆందోళనతో మేలుకుని ఉన్నందువల్ల, పక్క అంటే మేలుకునే చోటు అని శరీరం నేర్చుకుంది.

ఆ నేర్చుకున్న దాన్ని మరిపించడానికి మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్‌జిన్ 1972లో రూపొందించిన పద్ధతిని స్టిమ్యులస్ కంట్రోల్ అంటారు. నిద్ర ముంచుకొచ్చినప్పుడే పక్క ఎక్కాలి. అలసటకూ నిద్రమత్తుకూ తేడా ఉంది, ఒళ్లు అలిసినంత మాత్రాన కళ్లు మూతపడవు. పక్కను నిద్రకూ దాంపత్యానికీ తప్ప మరి దేనికీ వాడకూడదు. చదవడం, ఫోన్ చూడడం, ఇంటి లెక్కలు ఆలోచించడం అన్నీ మరోచోట జరగాలి. పడుకున్న తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు గడిచాయని అనిపించినా నిద్ర పట్టకపోతే లేచి బయటికి రావాలి. ‘అనిపించినా’ అని కావాలనే రాశాను, ఎందుకంటే గడియారం చూడకూడదు. దాన్ని గోడ వైపు తిప్పి పెట్టడమే మంచిది. మళ్లీ కళ్లు బరువెక్కినప్పుడే వెనక్కి వెళ్లాలి, అవసరమైతే ఒకే రాత్రి ఎన్నిసార్లయినా ఇలా చేయాలి. రాత్రి ఎలా గడిచినా సరే, ఉదయం లేచే వేళ మాత్రం సెలవు రోజుతో సహా ఒకటే ఉండాలి. పగటి నిద్ర వద్దు.

చెప్పడం ఇంత సులువు గాని, నడిరాత్రి వెచ్చటి దుప్పటి వదిలి లేవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకే ఆ వేళకు కావలసినవన్నీ ముందే అమర్చుకోవాలని మా అక్కకు నేర్పిన మనస్తత్వ నిపుణురాలు పట్టుబట్టింది. ముందు గదిలో ఒక కుర్చీ, దాని మీద మడతపెట్టిన శాలువా, పక్కన మందమైన వెలుగిచ్చే చిన్న దీపం, ఇదివరకే చదివేసిన పాత వారపత్రికలు. కొత్త కథ అయితే ‘తర్వాత ఏమైంది’ అన్న కుతూహలం నిద్రను తరుముతుంది, పాతదైతే ఏ వాక్యం దగ్గరైనా ఆపేయవచ్చు. ఫోన్ ఆ గదిలోకి కూడా రాకూడదు. మొదట్లో చాలామందికి ఈ పద్ధతిలో నిద్ర ఇంకా తగ్గుతుంది. అది పద్ధతి విఫలమైనట్టు కాదు. తగ్గిన నిద్ర మరుసటి రాత్రికి ఒత్తిడిగా జమ అవుతుంది. ఈ సంగతి ముందే తెలియనివారు మూడో రోజే ‘ఇది నాకు పడలేదు’ అని మానేస్తారు.

దీనికి జతగా స్పీల్‌మన్ 1987లో వివరించిన పద్ధతే స్లీప్ రిస్ట్రిక్షన్. పేరు విని భయపడనక్కర లేదు. ఇక్కడ కత్తిరించేది పక్క మీద గడిపే సమయాన్నే. ముందుగా ఒకటి రెండు వారాలు డైరీ రాయాలి: ఎన్నింటికి పడుకున్నాం, సుమారుగా ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మేలుకున్నాం, ఎన్నింటికి లేచాం. ఇవన్నీ మర్నాడు ఉదయం ఉజ్జాయింపుగా రాస్తే చాలు. నిద్రపోయిన గంటలను పక్క మీద ఉన్న గంటలతో భాగించి, వందతో గుణిస్తే వచ్చేదాన్ని నిద్ర సామర్థ్యం అంటారు. మా అక్కకు అది ఐదున్నరను తొమ్మిదితో భాగించగా సుమారు 61 శాతం వచ్చింది. 85 శాతానికి పైన ఉంటే బాగున్నట్టు లెక్క. ఇప్పుడు పక్క మీద ఉండే సమయాన్ని నిజంగా నిద్రపోతున్న గంటలకే కుదించాలి. ఆరింటికి లేవవలసిన మనిషి, ఐదున్నర గంటలే నిద్రపోతున్నప్పుడు, రాత్రి పన్నెండున్నరకు ముందు పక్క ఎక్కకూడదు. ఎంత తక్కువ నిద్రపోతున్నా ఐదు గంటల కంటే తగ్గించకూడదన్నది ఈ రంగంలో పనిచేసేవారు సాధారణంగా పెట్టుకునే హద్దు. వారం గడిచాక సామర్థ్యం 85–90 శాతానికి చేరితే పడుకునే వేళను పదిహేను నిమిషాలు ముందుకు జరుపుతారు. ఇలా వారానికో పావుగంట చొప్పున పెంచుకుంటూ పోయి, పగలు హుషారుగా ఉండే చోట ఆగుతారు.

మా అక్కకు కష్టమనిపించింది నడిరాత్రి లేవడం కాదు, పన్నెండున్నర దాకా మేలుకోవడం. పదింటికే కుర్చీలో తల వాలిపోయేది. కూర్చుంటే పని జరగదని గ్రహించి, నిలబడి చేసే పనులు ఆ వేళకు దాచిపెట్టుకునేది: ఉతికిన బట్టలు మడతపెట్టడం, బీరువాలో అరలు సర్దడం. ఇంట్లో వాళ్లు ‘అసలే నిద్ర లేదు, ఇప్పుడైనా పడుకోవచ్చు గదా’ అని జాలిపడేవారు. జాలిపడే ఇంటివాళ్లను ఒప్పించడమే ఈ చికిత్సలో సగం పని అని నాకు అప్పుడే అర్థమైంది. కొన్ని వారాలు గడిచేసరికి పక్క ఎక్కిన కాసేపటికే నిద్ర పట్టసాగింది, మధ్యలో మెలకువ వచ్చినా మళ్లీ కళ్లు మూతపడసాగాయి. ఇప్పటికీ ఆమె ఏడు గంటలు నిద్రపోయే మనిషి కాదు. ఆరు, ఆరుంపావు దగ్గర ఆగింది. కాని అది తెగని నిద్ర, పగలు తూగు లేని నిద్ర. ఆమెకు కావలసిందీ అదే.

ఈ ఫలితం ఆమె ఒక్కరిదే అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఈ రెండు పద్ధతులకూ ఆలోచనా ధోరణిని చక్కదిద్దే కొన్ని మెలకువలను కలిపి సీబీటీ-ఐ (నిద్రలేమికి ఇచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అని పిలుస్తారు. పెద్దల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మందుల కంటే ముందుగా ఈ చికిత్సనే ఇవ్వాలని వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మరుసటి ఏడు వచ్చిన యూరప్ మార్గదర్శకాలూ అదే మాట చెప్పాయి. 2015లో ఇరవై పరిశోధనల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, నిద్ర పట్టడానికి తీసుకునే సమయం సగటున 19 నిమిషాలు, నడిరాత్రి మెలకువ 26 నిమిషాలు తగ్గాయని తేలింది. మొత్తం నిద్ర మాత్రం పెరిగింది ఎనిమిది నిమిషాల లోపే. ఈ చివరి అంకె చూసి పెదవి విరిచేవారు ఉంటారు. నా దృష్టిలో ఆ సమీక్షలో అన్నిటికంటే విలువైన అంకె అదే. నిద్రలేమితో బాధపడేవారు గంటల కోసం వెతుకులాడుతున్నారు గాని, వారిని నిజంగా పీడిస్తున్నది ముక్కలైన రాత్రి. ముక్కలు అతుక్కుంటే, గంటలు దాదాపు అంతే ఉన్నా పగలు మారిపోతుంది.

రెండో శక్తి అయిన గడియారం గురించి మీ వ్యాసాలు చెప్పేది సగమే. రాత్రి ఫోన్ వెలుగును తిట్టినంతగా ఉదయపు వెలుగును ఎవరూ మెచ్చుకోరు. కంటి రెటీనాలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుగును కొలిచే ప్రత్యేక కణాలున్నాయి. వాటిలోని మెలనాప్సిన్ అనే పదార్థం నీలి వెలుగుకు అన్నిటికంటే ఎక్కువగా స్పందించి, పగలో రాత్రో మెదడులోని గడియారానికి తెలియజేస్తుంది. ఇంట్లో దీపాల కింద వెలుగు (దాన్ని లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు) కొన్ని వందల లక్స్‌కు మించదు. ఆరుబయట మబ్బు పట్టిన రోజున కూడా అది వేలల్లో ఉంటుంది, ఎండ కాస్తే పదివేలు దాటిపోతుంది. మన కళ్లు సర్దుకుపోతాయి గనుక ఈ తేడా మనకు తెలియదు, గడియారానికి మాత్రం బాగా తెలుస్తుంది. లేచిన గంటలోపు అరగంట సేపు ఆరుబయట నడిస్తే గడియారం రోజూ ఒకే చోట నుంచి మొదలవుతుంది, రాత్రి నిద్ర వేళా స్థిరపడుతుంది. ఆలస్యంగా నిద్రపట్టే కుర్రవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పగలంతా గదిలో కూర్చుని, రాత్రి ఫోన్ తెరకు పసుపు రంగు పులిమితే సరిపోతుందనుకోవడం భ్రమ. పైగా ఫోన్ చేసే చెరుపు దాని వెలుగు కంటే అందులో ఉన్న విషయం వల్లే ఎక్కువని నా అభిప్రాయం: పదకొండు గంటలకు ఆఫీసు సందేశం చదివిన మనిషిని మేలుకొలిపేది నీలి వెలుగు కాదు.

కాఫీ, టీల గురించి మీరు రాసేది నిజమే గాని ‘సాయంత్రం’ అన్న మాట మరీ వదులుగా ఉంది. కెఫీన్ చేసే పని అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చోవడం. ఒత్తిడి పేరుకుంటూనే ఉంటుంది, మనకు తెలియదంతే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, గర్భిణులకు ఇంకా చాలా ఎక్కువ. పడుకోబోయే ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గినట్టు 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తేలింది. నిద్ర తేలికగా చెదిరేవారు మధ్యాహ్న భోజనంతోనే కాఫీకి స్వస్తి చెప్పడం మంచిది. మద్యం గురించి ఒక్క వాక్యం చాలు: త్వరగా మత్తు తెస్తుంది, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది, గురకను పెంచుతుంది. వేడినీళ్ల స్నానం మాత్రం పనిచేస్తుంది, అయితే పడుకునే ముందు కాదు, గంటా రెండు గంటల ముందు చేయాలి. 40 నుంచి 42 డిగ్రీల నీళ్లు చర్మానికి రక్తప్రసారం పెంచి, ఒంట్లోని వేడిని అరచేతుల, అరికాళ్ల మీదుగా బయటికి పంపుతాయి. లోపలి వేడి తగ్గడం నిద్రకు సంకేతం. 2019లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ఇలా చేసినవారికి సుమారు పది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది.

చీటీ లేకుండా దొరికే మాత్రల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్ణం. డాక్టరు రాయనక్కర లేదంటే హాని లేనిదని చాలామంది నమ్ముతున్నారు. డైఫెన్‌హైడ్రమిన్ వంటి పాతతరం యాంటీహిస్టమిన్లు, అంటే జలుబుకూ దద్దుర్లకూ వాడే మగత మాత్రలు, కొన్ని దేశాల్లో నిద్రమాత్రలుగానే అమ్ముడవుతున్నాయి. కొద్ది రోజుల్లోనే ఒళ్లు వాటికి అలవాటుపడిపోతుంది, మగత మాత్రం మర్నాటి పగలంతా వెంటాడుతుంది. నోరెండడం, మలబద్ధకం, మూత్రం సరిగా రాకపోవడం, వయసు మళ్లినవారిలో మతి తడబడడం వాటి వెనకాలే వస్తాయి. వృద్ధులకు తగని మందుల జాబితా అయిన బీర్స్ ప్రమాణాల్లో ఇవి ఉన్నాయి.

మెలటోనిన్ విషయం వేరు. 1958లో ఆరన్ లెర్నర్ బృందం వేరుచేసిన ఈ హార్మోను నిద్రను మోసుకొచ్చేది కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పేది. అందుకే ఖండాలు దాటి ప్రయాణించినవారికీ, గడియారం వెనకబడి తెల్లవారుజాము దాకా నిద్ర పట్టనివారికీ, సరైన వేళకు వేసుకుంటే ఉపయోగపడుతుంది; మామూలు నిద్రలేమికి అంతగా పనికిరాదు. 2017లో ఒక పరిశోధక బృందం 31 మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించగా, లేబుల్ మీద రాసిన దానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా అసలు మందు ఉన్నట్టు తేలింది. అంటే వేసుకున్న మనిషికి తాను ఎంత వేసుకున్నదీ తెలియదన్నమాట. దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్, డైఫెన్‌హైడ్రమిన్, వలేరియన్ అనే మొక్క వేరు, ఇవేవీ వాడవద్దనే, ఆధారాలు బలంగా లేవంటూనే, 2017లో అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సూచించింది. చేతికి కట్టుకునే నిద్ర కొలత పరికరాల మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఎప్పుడు పడుకున్నదీ ఎప్పుడు లేచిందీ అవి బాగానే పట్టుకుంటాయి. గాఢనిద్ర ఇన్ని నిమిషాలు, కలల నిద్ర ఇన్ని నిమిషాలు అని చెప్పే లెక్కలు మాత్రం అంత నమ్మదగినవి కావు. ఉదయం బాగానే లేచిన మనిషి ఆ అంకె చూసి దిగులుపడడం చూశాను.

ఆలోచనలు ఆగక నిద్ర పట్టనివారికి ‘ప్రశాంతంగా ఉండండి’ అని చెప్పడం, నాకు తెలిసినంతలో, ఏ ఉపయోగమూ లేని సలహా. దానికి బదులు చేయదగిన పని ఒకటుంది. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు మర్నాటి నుంచి చేయవలసిన పనులను కాగితం మీద రాసినవారికి, అప్పటికే చేసేసిన పనులను రాసినవారి కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టిందట. మరో మార్గం కాస్త తమాషాగా ఉంటుంది: పడుకుని, కళ్లు తెరిచి, ఈ రాత్రి నిద్రపోకూడదని నిశ్చయించుకోవడం. నిద్రపోవాలన్న పట్టుదలే మనిషిని మేలుకొలిపి ఉంచుతుంది గనుక, ఆ పట్టుదల వదిలేయడానికి ఇదొక ఉపాయం. నిద్ర వైద్యంలో దీనికి చోటు ఉంది. ఎనిమిది గంటలు పడుకోకపోతే రోగాలు ముసురుకుంటాయని బెదిరించే శీర్షికలు మాత్రం ఈ పట్టుదలను పెంచుతాయి. పెద్దవారికి ఏడు గంటలు లేదా అంతకు పైన అని నిపుణులు 2015లో చెప్పారు. అవకాశం ఉండీ ఆలస్యంగా పడుకునేవారికి అది పనికొచ్చే హెచ్చరిక. నిద్ర కోసం అల్లాడుతున్న మనిషికి అదే వార్త మరో రాత్రి జాగారానికి కారణమవుతుంది. ఈ ఇద్దరు పాఠకులూ వేరని మీ శీర్షికలు రాసేవారు గుర్తించాలని మనవి.

ఇంట్లో చేసుకోదగినవే అయినా ఇవి అందరికీ తగవు. పక్క మీద సమయం తగ్గించే పద్ధతిని మూర్ఛ ఉన్నవారు, బైపోలార్ జబ్బు ఉన్నవారు, నిద్రలో నడిచే అలవాటు ఉన్నవారు వైద్యుల పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టకూడదు. లారీలూ బస్సులూ నడిపేవారికీ, యంత్రాల దగ్గర పనిచేసేవారికీ మొదటి వారాల మత్తు ప్రమాదకరం. తూలి పడిపోయే భయం ఉన్న వృద్ధులు రాత్రిళ్లు లేచి తిరగడంలో జాగ్రత్త పడాలి. పెద్దగా గురక పెడుతూ, నడుమ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారికి, ఎంతసేపు పడుకున్నా పగలు తూగే వారికి ఉన్నది బహుశా స్లీప్ ఆప్నియా. దానికి పరీక్షా చికిత్సా వేరు, ఆ మనిషి మగత మాత్రలు వేసుకుంటే అపాయం కూడా. సాయంత్రమయ్యేసరికి కాళ్లలో చెప్పలేని పీకులాట పుట్టి, కదిలిస్తే తప్ప ఊరుకోనివారు రక్తంలో ఇనుము నిల్వలు చూపించుకోవాలి. అవి తక్కువగా ఉంటే సరిచేయడంతోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, దేని మీదా ఆసక్తి లేక, బతుకు భారమనిపిస్తున్నవారు నిద్ర గురించి కాక ఆ దిగులు గురించే ముందు డాక్టరును కలవాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వాడుతున్నవారు ఈ ఉత్తరం చదివి రాత్రికి రాత్రి మానేయవద్దు. ఒక్కసారిగా మానితే నిద్ర మరింత చెడడమే కాదు, కొన్ని మందుల విషయంలో ఫిట్స్ కూడా రావచ్చు. రాసిన డాక్టరు చేతనే కొద్దికొద్దిగా తగ్గింపించుకోవాలి.

సీబీటీ-ఐ తెలిసిన నిపుణులు చాలా తక్కువమందే ఉన్నారు. తెలుగులో దాని గురించి రాసింది మరీ తక్కువ. ఆ కొరత వల్లే పాఠకులు మందుల షాపు కౌంటరు దగ్గరికీ, మాయ పానీయాల ప్రకటనల దగ్గరికీ వెళుతున్నారు. కనుక నా కోరిక రెండు విషయాలకే పరిమితం. మొదటిది, మీ ఆదివారం సంచికలో ఒక అరపేజీ కేటాయించి, పద్నాలుగు వరుసల నిద్ర డైరీ పట్టిక అచ్చువేయండి: పడుకున్న వేళ, నిద్ర పట్టిన వేళ, మధ్య మెలకువ, లేచిన వేళ, పగటి కునుకు, చివరి కాఫీ తాగిన వేళ. కత్తిరించి గోడకు అతికించుకునేలా ఉంటే చాలు. రెండవది, ఆ పద్నాలుగు రోజులూ గడిచాక వచ్చే సంచికలో, నిద్ర చికిత్సలో శిక్షణ ఉన్న వైద్యుల చేత ఆ పట్టికను ఎలా చదువుకోవాలో, ఎవరు సొంతంగా మొదలుపెట్టవచ్చో, ఎవరు ముందుగా ఆసుపత్రికి వెళ్లాలో రాయించండి. ఆ వ్యాసంలో ‘పెందలాడే పడుకోండి’ అన్న వాక్యం మాత్రం దయచేసి తీసేయండి.

ఇట్లు,
భవదీయురాలు,
మీ పాఠకురాలు